తుర్గున్ పేరిటి చెట్లు

లోయకు పడమటి కొసన రెండు కొండలు దగ్గరికొచ్చి, కలవకుండా ఆగిపోయినట్టుంటాయి. గాలి ఆ నడుమ నుంచే వస్తుంది. పత్తి మొలక రెండాకులు వేసే వేళకు వస్తుంది. వచ్చిన రోజున పొలాల్లో మన్నంతా లేచి మధ్యాహ్నాన్నే మసక చేసేస్తుంది. యాంగిబోగ్ ఊళ్ళో ఆ గాలికి పేరు లేదు. "వచ్చింది" అంటారు. "పోయింది" అంటారు. ఏది అని ఎవరూ అడగరు.

ఆ గాలికి అడ్డంగా, పొలాల పడమటి గట్టున, కాలువ వెంబడి పోప్లర్ చెట్ల వరస ఉండేది. దాన్ని ఎవరూ ఆలోచించి నాటింది కాదు. ఇంట్లో మగపిల్లాడు పుడితే తండ్రి వెళ్ళి వాడి పేర ఆ గట్టు మీద కొన్ని కొమ్మలు గుచ్చి వస్తాడు. పిల్లాడూ చెట్లూ కలిసే ఎదుగుతారు. పెళ్ళి కుదిరాక ఆ చెట్లు కొట్టి వాడి ఇంటికి దూలాలు వేస్తారు. మొదటి గొడ్డలి దెబ్బ మాత్రం పెళ్ళికొడుకే వెయ్యాలి. తర్వాత వాడికి కొడుకు పుడితే ఆ ఖాళీలో మళ్ళీ కొమ్మలు గుచ్చుతారు. అందుకే ఆ వరసలో ఒక చోట తాటంత చెట్లుంటే పక్కనే నడుమెత్తు మొక్కలుండేవి గానీ, ఖాళీ అంటూ ఎక్కువ కాలం ఉండేది కాదు. "యాకూబ్ చెట్ల దగ్గర కాలువ తెగింది", "నబీ చెట్ల కింద గొర్రెలు తోలొద్దు" అని మనుషుల పేర్లతోనే ఆ గట్టును చెప్పుకునేవారు.

యుద్ధం వచ్చి ఆ లెక్క చెడగొట్టింది. కుర్రాళ్ళు వెళ్ళిపోయారు. పెళ్ళిళ్ళు లేవు, పుట్టుకలు లేవు. చావు కబురు వచ్చిన ఇళ్ళవాళ్ళు ఏడ్చి, పోయినవాడి పేర ఫాతిహా చదివించి, ఆ చెట్లు కొట్టి తమ్ముళ్ళ పెళ్ళిళ్ళకో మేనల్లుళ్ళ పెళ్ళిళ్ళకో ఇచ్చేశారు. గట్టు పళ్ళూడిన నోరులా తయారైంది. అక్కడక్కడా మిగిలిన వాటిలో, నట్టనడుమ, అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నవి తుర్గున్ చెట్లు.

తుర్గున్ సనంబర్ కొడుకు. వాడికి ముందు పుట్టిన మగపిల్లలెవరూ దక్కలేదు. వీడన్నా నిలవాలని ఆ పేరు పెట్టుకున్నారు. వాళ్ళ భాషలో దానికి అర్థం అదే. వాడి తండ్రి బతికుండగా సంతోషం పట్టలేక ఇంకెవరూ నాటనన్ని కొమ్మలు నాటాడు. యుద్ధానికి వెళ్ళిన తుర్గున్ చావు కబురు రాలేదు. ఆచూకీ తెలియడం లేదని మాత్రం చెప్పారు. చచ్చాడనలేదు కనుక సనంబర్ ఏడవలేదు. ఫాతిహా చదివించలేదు. చెట్లు కొట్టనివ్వలేదు.

గాలి వచ్చినప్పుడు ఆ చెట్ల మధ్యనుంచి తుర్గున్ పిలిచేవాడు.

చిన్నప్పుడు కాలువ గట్టు మీద నుంచే "అమ్మా..." అని సాగదీస్తూ ఇంటికొచ్చేవాడు, వాకిట్లోకి అడుగుపెట్టేలోగా తల్లి రొట్టె చేత్తో పట్టుకుని ఉండాలి. అదే పిలుపు. యుద్ధం ముగిశాక వచ్చిన మొదటి వసంతంలో తందూర్ దగ్గర ఉండగా విన్నది సనంబర్. చేతిలో పిండిముద్దతోనే వీధిలోకి పరుగెత్తింది. వీధిలో మన్ను తప్ప ఎవరూ లేరు. ఆ తర్వాత ఎన్నిసార్లు గాలి వస్తే అన్నిసార్లూ వింది. వచ్చేది వాడు కాదేమోనన్న భయమూ, వచ్చేది వాడేనేమోనన్న భయమూ ఆమెకు ఒకే చోట పుట్టేవి, గుండె కింద, ఎడమ పక్కన.

కూతురు ఖుమ్రికి ఒక్కదానికే చెప్పింది. ఖుమ్రి తుర్గున్‌కు అక్క. మొగుడి చావు కబురు రాగానే ఏడవాల్సింది ఏడ్చి, మూట కట్టుకుని తల్లి దగ్గరికి వచ్చేసిన మనిషి. ఊరి పొలాలన్నీ కలిపి సాగుచేసే సమష్టి క్షేత్రంలో ఒక జట్టుకు పెద్ద.

"చెట్టుకు తొర్ర ఉందమ్మా. వడ్రంగిపిట్ట తొలిచింది. గాలి అందులో దూరి ఊళ పెడుతోంది," అంది ఖుమ్రి.

"అమ్మా అని పిలుస్తున్నాడే."

"గేదె కూడా అలాగే పిలుస్తుంది. వాడు నన్ను పిలిస్తే అప్పుడు చెప్పు. వాడికి ముక్కు తుడిచింది నేను. పిలిస్తే ముందు నన్నే పిలవాలి."

యుద్ధం ముగిసిన నాలుగో ఏడు పట్నం నుంచి సుఫియా అనే తాతార్ అమ్మాయి వచ్చింది. గాలికి అడ్డంగా చెట్లు ఎలా నాటాలో చదువుకున్న మనిషి. గట్టంతా తిరిగి చూసి, క్షేత్రం అధ్యక్షుడైన ఎర్గష్ అత అనే పెద్దాయనను వెంటబెట్టుకుని సనంబర్ ఇంటికే వచ్చింది. అత అంటే ఊరందరికీ తండ్రిలాంటివాడని. ఆయన ఎంత మాటన్నా అంటాడు గానీ, ఆ రోజు గుమ్మంలోనే టోపీ సవరించుకుంటూ నిలబడిపోయాడు.

టీ తాగాక సుఫియా, పెద్దక్కను పిలిచినట్టు పిలిచి, అడిగింది. "అపా, మీ పిండి జల్లెళ్ళు రెండూ, ఆ పళ్ళెమూ ఒకసారి ఇస్తారా?"

"రొట్టెలు చేస్తావా అమ్మాయ్?"

"గాలి చేస్తాను."

అరుగు మీద కాస్త తవుడు చల్లి, దానికి ముందు పళ్ళేన్ని గోడలా నిలబెట్టింది. "ఊదండి అత."

"నా ముసలి ఊపిరి చూసి నవ్వుకోవడానికా?" అంటూనే ఎర్గష్ అత వంగి ఊదాడు. పళ్ళెం దాటి దూకిన ఊపిరికి అవతల తవుడు గిరగిర తిరిగి లేచింది. పళ్ళెం తీసి జల్లెడ పెట్టింది. మళ్ళీ ఊదాడు. తవుడు ఒక్కసారి వణికి ఊరుకుంది.

"చూశారా? పూర్తిగా అడ్డం కొడితే గాలి మీదినుంచి అవతలకు దూకి మరీ కొడుతుంది. సగం పోనిచ్చి సగం ఆపితే అలిసిపోతుంది. పడమటి వైపు జిగ్దా పొదలు పెడదాం, నేల దగ్గర దట్టంగా. వాటి వెనక కైరగాచ్ చెట్లు ఎత్తుకోసం. పొలం వైపు మల్బరీ, మీ పట్టుపురుగులకూ పనికొస్తుంది. మూడూ కలిస్తే ఈ జల్లెడ అవుతుంది."

"బాగుంది. మరి రెండో జల్లెడ దేనికి?" అన్నాడు ఎర్గష్ అత.

సుఫియా రెండు జల్లెళ్ళనూ పక్కపక్కన నిలబెట్టింది, మధ్యలో రెండు వేళ్ళ సందు వదిలి. "ఇప్పుడు ఊదండి."

సందులోంచి తవుడు బాణంలా వచ్చి సనంబర్ ఒళ్ళో పడింది.

సనంబర్ దాన్ని దులుపుకోలేదు. "నా కొడుకు చెట్ల గురించేగా ఈ ఆటంతా."

"అపా, అవి ముసలివైపోయాయి. కింద ఒక్క కొమ్మా లేదు. గాలి కాళ్ళ సందునుంచి దూరిపోతోంది. అటూ ఇటూ కొత్త చెట్లు లేస్తే ఊరి గాలంతా అక్కడికే..."

"ముసలివైతే కొట్టేస్తారా? నేను ముసలిదాన్ని కాదూ? ముందు నన్ను కొట్టండి."

"కోడలా," అన్నాడు ఎర్గష్ అత మెల్లిగా. ఊరి కోడళ్ళందరినీ ఆయన అలాగే పిలుస్తాడు.

"మీరు చెప్పండి అత. వాడు రాకుండానే వాడి చెట్లు కొడితే ఏమన్నట్టు? నా నోటితో నన్ను ఏమనమన్నట్టు?"

ఆయన నేల చూశాడు. ఆయన కొడుకులిద్దరి చెట్లూ ఆయనే కొట్టించాడు. లేచి, "ఆ చెట్ల జోలికి పోవద్దమ్మాయ్. అటూ ఇటూ నాటండి," అన్నాడు.

"సందు వదిలితే అసలు నాటకపోవడమే మేలు అత!"

"నువ్వు కొత్తదానివి. తల్లి ఎదురుచూస్తున్నవాడి చెట్టు మీద ఈ ఊళ్ళో ఎవడూ గొడ్డలి ఎత్తడు."

సుఫియా అరుగు మీది తవుడు చేత్తో పోగు చేసి జల్లెట్లో వేసింది.

ఆ సాయంత్రం ఖుమ్రి గిన్నెలు మామూలుకన్నా చప్పుడు చేస్తూ తోమింది. "ఆ చెట్ల వెనకాల పొలం ఎవరిదో తెలుసుగా?"

"నీ తమ్ముడి చెట్లే అవి."

"నా పేర ఒక్క పుల్లైనా గుచ్చారా మీరు? క్షేత్రంవాళ్ళు పొలం మాత్రం నా జట్టుకిచ్చారు. అదీ వాడి చెట్ల వెనకే."

"ఆడపిల్లకి చెట్లెందుకే? మొగుడింటి కప్పు ఉంటుందిగా."

"ఆఁ. ఉంది. కనబడుతూనే ఉంది," అంది ఖుమ్రి తలెత్తి. వాళ్ళ గది కప్పులోంచి ఆకాశం ఒక చోట కనబడుతోంది నిజంగానే.

కొత్త చెట్లు నాటారు. కాలువ నీళ్ళు తాగి అవి చకచకా లేచాయి. రెండో ఏటికే వెండిరంగు జిగ్దా పొదలు నడుమెత్తు అల్లుకున్నాయి. నాలుగో ఏటికి కైరగాచ్ కొమ్మలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. గాలి వచ్చినా ఇప్పుడు ఊళ్ళో బట్టలు ఆరేసుకుంటున్నారు. మిగతా జట్ల పత్తి నిటారుగా నిలబడింది. ఖుమ్రి పొలం మాత్రం ప్రతి వసంతమూ మళ్ళీ మళ్ళీ విత్తాల్సి వచ్చింది. మన్ను కొట్టుకుపోయి వేళ్ళు బయటపడేవి, ఆకులు ఇసుక దెబ్బకు జల్లెడలయ్యేవి.

"ఖుమ్రీ, నీ పత్తి మా పొలంలో మొలిచింది. తీరిక చూసుకుని వచ్చి కోసుకో!" అని పక్క జట్టు ఆడవాళ్ళు కేకలేసేవారు.

"ఉంచండి, మీ దగ్గర దొంగతనం అలవాటేగా," అని ఖుమ్రి తిరిగి కేకేసేది. ఇంటికొచ్చాక మాత్రం మాట్లాడేది కాదు.

సనంబర్‌కు పిలుపు పెద్దదయింది. మొదట ఆమె పొంగిపోయింది. దగ్గరికొచ్చాడనుకుంది. కాలువ దాకా వచ్చాడు, ఇంక వంతెన దాటడమే అనుకుని గాలి వచ్చిన రోజుల్లో ఒక రొట్టె ఎక్కువ కాల్చేది. కానీ ఏడాదికేడాది ఆ పిలుపు మారుతోంది. ఒక పిలుపుకీ ఇంకో పిలుపుకీ మధ్య ఇంతకుముందు వ్యవధి ఉండేది, పిల్లాడు ఊపిరి తీసుకున్నట్టు. ఇప్పుడు ఆ ఊపిరి లేదు. "అమ్మా" అన్న మాట చివర తెగకుండా సాగుతోంది. గొంతు కూడా పిల్లాడిది కాదు. ఇది ఆమె ఎవరితోనూ అనలేదు. రొట్టె కాల్చడం మాత్రం మానలేదు, మానితే ఏమవుతుందోనని.

అలాంటి ఒక వసంతంలో, ఒక మధ్యాహ్నం గాలి మునుపెన్నడూ లేనంత ఉద్ధృతంగా వచ్చింది. పొలానికి వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చారు, ఖుమ్రి రాలేదు. సనంబర్ గుమ్మంలో నిలబడి చున్నీ అంచు నలిపి నలిపి దారం ఊడదీసింది. పోయినవాళ్ళు పోయినట్టే ఉండిపోతారన్నది ఆమెకు బాగా తెలిసిన సంగతి. ఈ గుమ్మంలోంచే ఒకడు వెళ్ళాడు. రోజూ పొద్దున్న కూతురు పొలానికి వెళ్ళేటప్పుడు కూడా ఆమె వీధి మలుపు దాకా చూస్తూనే ఉండేది, మలుపు తిరిగాక ఇంకాసేపు.

ఖుమ్రి వచ్చింది. నడిచి కాదు, గోడ పట్టుకుని. కనుబొమ్మల్లో ఇసుక, చెంప మీద గీరుకుపోయిన రక్తం. నీళ్ళు ఇస్తే తాగలేదు.

"చాళ్ళలో బోర్లా పడుకున్నానమ్మా. లేస్తే ఎగరేసేలా ఉంది."

"ముందు మొహం కడుక్కో."

"అమ్మా, అది తొర్ర కాదు."

సనంబర్ చేతిలో చెంబు ఆగిపోయింది.

"నన్ను పిలిచాడు," అంది ఖుమ్రి. "అక్కా అన్నాడు. వాడే. తెలీదా నాకు వాడి గొంతు?"

"ఏమన్నాడు? ఏమన్నాడే? వస్తున్నానన్నాడా?"

ఖుమ్రి తల్లి మొహంలోకి చూసి, చూపు తిప్పుకుంది. ఆ ఇంట్లో ఎప్పుడూ ఏ మాటనూ దాచుకోని మనిషి దాచుకోవాలని చూసింది. చేతకాలేదు.

"పిలుపు కాదమ్మా అది. ఎవరో పట్టుకుని కొడుతుంటే పిల్లలు ఏడుస్తారే, అది."

సనంబర్ చున్నీ బిగించి కట్టుకుని బయటికి నడిచింది. వెనకనుంచి ఖుమ్రి అరుస్తున్నా ఆగలేదు.

కొత్త చెట్ల వెనక దారి నిమ్మళంగా ఉంది. జిగ్దా ఆకులు వణుకుతున్నాయి, అంతే. పిచికలు కూడా ఉన్నాయి అక్కడ. అలా నడుస్తూ నడుస్తూ ఆమె తుర్గున్ చెట్ల దగ్గరికి వచ్చి ఒక్క అడుగు ముందుకేసింది, గాలి ఆమెను ఎత్తి పక్కకు విసిరింది. పాకుతూ వెళ్ళి మొదటి చెట్టును రెండు చేతులా పట్టుకుంది. బెరడు కింద చెట్టంతా కంపిస్తోంది, జ్వరం వచ్చిన పిల్లాడి ఒళ్ళులా. చిత్రంగా అక్కడ గొంతు వినబడలేదు. అక్కడ గాలి బరువే తప్ప ఇంకేమీ లేదు. కళ్ళు చికిలించి అటూ ఇటూ చూసింది. ఇటు చెట్లు నిద్రపోతున్నట్టున్నాయి. అటు చెట్లూ అంతే. పడమటి కొండల నడుమ నుంచి వచ్చిందంతా ఈ కాస్త చోటే దూరి పోతోంది.

ఊరంతా తలుపులు వేసుకుని పడుకుంటే వీడొక్కడు బయట నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా. నిలబెట్టింది ఎవరు?

ఆమె ఎంతసేపు అలా పట్టుకుని ఉందో తెలియదు. ఖుమ్రీ, ఎర్గష్ అతా వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తీసుకొచ్చారు.

గాలి పోయాక సనంబర్ ఎర్గష్ అత ఇంటికి వెళ్ళింది. లోపలికి రమ్మన్నా వెళ్ళలేదు.

"గొడ్డలి పదును పెట్టించండి అత."

ముసలాయన వాకిట్లోకి వచ్చాడు. "మొదటి దెబ్బ ఎవరేస్తారు కోడలా? వేస్తే పెళ్ళికొడుకే వెయ్యాలి."

"పెళ్ళికొడుకు లేడుగా," అంది సనంబర్. అన్నాక ఆ మాట తన నోటినుంచే వచ్చిందని తెలిసి, గోడకు చెయ్యి ఆనించింది. "లేడు అత. నేనే వేస్తాను."

ఊరు ఊరంతా గట్టు మీదికి వచ్చింది. మామూలుగా అయితే డప్పులుండాలి, పెళ్ళికొడుకును ఆటపట్టించే స్నేహితులుండాలి, తల్లి మొదటి చెట్టుకు తెల్లగుడ్డ కట్టి "నీ ఇల్లు చల్లగా ఉండాలి" అని పైకి అనాలి. సనంబర్ గుడ్డ కట్టింది. ఆ మాట మాత్రం అనలేదు. చెట్టుకు నుదురు ఆనించి, వాడికి మాత్రమే వినబడేలా అంది.

"చాలు నాన్నా. ఇంక నిలబడకు."

గొడ్డలి ఆమె బలానికి మించినది. దెబ్బ బెరడు దాకానే దిగింది. ఎవరూ నవ్వలేదు. తర్వాత మగవాళ్ళు అందుకున్నారు. చెట్లన్నీ నేలకొరిగాక ఎర్గష్ అత అరచేతులు చాచి ఫాతిహా చదివాడు. అప్పుడు ఏడ్చింది సనంబర్, ఇన్నేళ్ళదీ కలిపి. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఎవరెవరిదో తలుచుకుని ఆమెతో పాటు ఏడ్చారు.

ఆ ఖాళీలో సుఫియా మూడు వరసల మొక్కలు నాటించింది. అవి లేచేదాకా గాలికి రెల్లు తడికెలు కట్టాలంది. తడికెలు అల్లడానికి సనంబర్ కూడా కూర్చుంది. ఎర్గష్ అత పైనుంచి పెత్తనం చేస్తూ, "ఇంకా దగ్గరగా అల్లండి, ఇదేం అల్లిక, పిల్లి దూరేలా ఉంది," అన్నాడు.

"సగం పోనివ్వాలట అత. మీరు ఊదారుగా, మర్చిపోయారా?" అంది సనంబర్, చేతులాపకుండా. సుఫియా తల వంచుకుని రెల్లు కట్టలు విప్పుతూ ఉండిపోయింది.

దూలాలు మిగిలాయి. పెళ్ళికొడుకు పేరిటి దూలాలు పొయ్యిలో పెట్టకూడదు, అమ్మకూడదు. ఇల్లే కట్టాలి. ఎండాకాలం పోయాక ఊరివాళ్ళంతా కలిసి సనంబర్ వాకిట్లో మట్టిగోడలు లేపి, బెరడు ఒలిచిన దూలాలు వరసగా పేర్చి, మీద రెల్లు పరిచి మట్టి మెత్తారు. చివరి మెత్తు అయ్యాక పెద్దగిన్నెలో పులావు పెట్టారు.

"ఎవరికమ్మా ఈ గది?" అని అడిగింది ఖుమ్రి, అందరూ వెళ్ళాక.

"నీకే."

"మగపిల్లాడి చెట్లతో ఆడపిల్లకి గదా? ఊళ్ళో ఏమంటారు?"

"ఏమన్నా అననీ. నీకు పుల్ల గుచ్చలేదని దెప్పావుగా. ఇప్పుడు తలెత్తి చూసుకో."

ఖుమ్రి తన పరుపు ఆ గదిలోకి మార్చుకుంది. ఆమెకు చెప్పడానికి ఏదో ఉన్నట్టు రెండుసార్లు తల్లి గది గుమ్మం దాకా వచ్చి, వెనక్కి వెళ్ళిపోయింది.

శరదృతువులో ఒక పగలు గాలి వచ్చింది. వసంతపు గాలంత కాదు గానీ వచ్చింది. సనంబర్ తందూర్ దగ్గర నిలబడి చెవి ఒగ్గింది. పిలుపు లేదు. గట్టు వైపు తిరిగి నిలబడింది. తడికెల మీద రెల్లు సవ్వడి, దూరంగా ఎవరిదో గాడిద, అంతే. ఇది తను కోరుకున్నదే. అయినా అక్కడే కూర్చుండిపోయింది.

"అమ్మా!"

ఉలిక్కిపడి లేచింది. కొత్త గది గుమ్మంలో ఖుమ్రి.

"అమ్మా, ఇలా రా. దూలాలు..."

"పచ్చికర్ర ఆరుతోందే. పగుళ్ళిచ్చేటప్పుడు చప్పుడు చేస్తుంది," అంది సనంబర్. ఆ మాట ఖుమ్రి అనాల్సిన మాట అని ఇద్దరికీ తెలుసు.

"పగుళ్ళు కాదు. వాడే. రా."

సనంబర్ లోపలికి వెళ్ళింది. గదిలో తడిమట్టి వాసనా, ఒలిచిన కొయ్య వాసనా కలిసి ఉన్నాయి. కింద కూర్చుని, చున్నీ చెవుల మీదినుంచి వెనక్కి తోసుకుని, ఊపిరి బిగబట్టి పైకి చూసింది. దూలాలు తెల్లగా, మౌనంగా ఉన్నాయి. పక్కన ఖుమ్రి తలెత్తి వింటోంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, పెదవుల మీద మాత్రం చిన్నప్పటి అల్లరి నవ్వు.

సనంబర్ చాలాసేపు వింది. ఏమీ వినబడలేదు.

"ఇంకా ఉన్నాడా?" అని అడిగింది, గొంతు తగ్గించి.

"ఊఁ."

"ఏడుస్తున్నాడా?"

"లేదమ్మా. ఏదో చెబుతూ నవ్వుతున్నాడు. నీకు వినబడట్లా?"

సనంబర్ కూతురి మోకాలి మీద చెయ్యి వేసి, ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"నువ్వు విను," అంది. "విని నాకు చెప్పు."